ఎండ కాస్తోంది కదా, ఫ్లైట్ ఎందుకు ఆపారు?

చిన్న ఎయిర్‌పోర్టుల్లో "వాతావరణం బాలేదు, ఫ్లైట్ లేటు" అనగానే జనం బయటికి చూస్తారు, ఎండ ఫెళ్ళున కాస్తుంటుంది, ఇంకేముంది, కౌంటర్ దగ్గర గొడవ మొదలు. సాకు అని తేల్చేసే ముందు ఆ ఎయిర్‌పోర్ట్ మెటార్, అంటే అక్కడి తాజా వాతావరణ రిపోర్టు, చూడండి. ఒకట్రెండు లైన్లే ఉంటుంది, గంటకో అరగంటకో కొత్తది వస్తుంది, మధ్యలో వాతావరణం బాగా మారితే స్పెసీ అని విడిగా ఇంకోటి ఇస్తారు.

నేను అందులో ముందు చూసేది గాలి. 33018జీ30కేటీ అని ఉందనుకోండి, గాలి 330 డిగ్రీల వైపు నుంచి 18 నాట్ల వేగంతో వీస్తోంది, విసురు 30 దాకా వెళ్తోంది అని. ఇక రన్‌వే 27 అంటే దిశ దాదాపు 270 డిగ్రీలు, చివరి సున్నా తీసేసి రాస్తారు, అదే రన్‌వే అటు చివర నుంచి 09. గాలికీ రన్‌వేకీ మధ్య 60 డిగ్రీల తేడా, కాబట్టి ఆ 30లో దగ్గర దగ్గర 26 నాట్లు విమానాన్ని పక్క నుంచే తోస్తాయి. సెస్నా 172 అనే చిన్న విమానానికి పరీక్షల్లో దిగి చూపించిన పక్కగాలి 15 నాట్లే! పెద్ద విమానాలు ఇంతకంటే తట్టుకుంటాయి, కానీ రన్‌వే తడిగా ఉంటే వాటి పరిమితీ తగ్గుతుంది. ఇంకో దిశలో రన్‌వే ఉంటే అటు దిగొచ్చు, చిన్న చోట్ల ఉండేది చాలావరకు ఒక్కటే.

ఇక్కడో తిరకాసు ఉంది. రన్‌వే నంబరు అయస్కాంత ఉత్తరం (దిక్సూచి చూపేది) లెక్క, మెటార్‌లో గాలి దిశ మాత్రం మ్యాపులో ఉండే అసలు ఉత్తరం లెక్క (టవర్ వాళ్ళు నోటితో చెప్పే గాలి మళ్ళీ అయస్కాంతానిదే, ఎవరు పెట్టారో ఈ పద్ధతి). రెండింటికీ తేడా ఎక్కువున్న ప్రాంతాల్లో మన లెక్క బాగానే తప్పుతుంది.

మబ్బుల వివరాల్లో ఎఫ్ఈడబ్ల్యూ (కొద్దిపాటి మబ్బు), ఎస్‌సీటీ (అక్కడక్కడా మబ్బు) కనిపిస్తే నేను పెద్దగా పట్టించుకోను. బీకేఎన్004 అంటే మాత్రం టెన్షనే, ఆకాశంలో ఎనిమిదింట అయిదు నుంచి ఏడు వంతులు మబ్బు, అదీ ఎయిర్‌పోర్ట్ నేల నుంచి 400 అడుగుల ఎత్తులోనే. ఐఎల్‌ఎస్ (రేడియో సంకేతాలతో విమానాన్ని రన్‌వే వైపు దింపే ఏర్పాటు) ఉంటే మామూలుగా 200 అడుగుల దాకా దిగి రన్‌వే కోసం చూడొచ్చు. కానీ చాలా చిన్న ఎయిర్‌పోర్టుల్లో అది ఒక చివరకే ఉంటుంది, గాలేమో రెండో చివర నుంచి దిగమంటుంది, అప్పుడు పైన చక్కర్లు కొట్టడమో వేరే ఊరికి పోవడమో తప్ప పైలట్ మాత్రం ఏం చేస్తాడు?