పేజీకో ధర

కొనేదా పెట్టేదా, ఆ వేలం కేటలాగులు నీకెందుకే అని ఈయన ఇవాళ కూడా దెప్పారు. నేను బదులు చెప్పలేదు. నా టెన్షన్ వేరే.

పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రకారుడు యాన్ వాన్ గోయెన్ బొమ్మ ఒకటి అమ్మకానికొచ్చింది. పోస్టుకార్డంత కాగితం, నల్ల సుద్ద గీతలు. అడుగున సన్నగా నది ఒడ్డు, రెండు పడవలు, మిగతాదంతా ఆకాశమే. పడవలో మనిషంటే రెండు వంకర గీతలు, అయినా వీపు వంచి తెడ్డేస్తున్నాడని తెలిసిపోతోంది. ఎంత బాగుందో!

ఆ సంతోషం కింద చిన్నక్షరాలు చదివేదాకే. 1650, 51ల్లో ఆయన తిరుగుతూ గీసుకున్న పుస్తకంలోది ఈ కాగితం. ఆ పుస్తకం మూడు వందల ఏళ్ళు నిక్షేపంగా బతికింది. 1950లలో న్యూయార్కులో ఒక వ్యాపారి దాన్ని విప్పి, పేజీలు విడివిడిగా అమ్మేశాడు. ఈ ఘోరానికి కేటలాగు ఇచ్చిన చోటు ఒక్క ముక్క! పైమూలన పేజీ అంకె ఇంకా అలాగే ఉంది. దీని ముందు పేజీ ఏ దేశంలో ఉందో, వెనకది ఎవరి గోడకుందో. ఏ ఊరి తర్వాత ఏ ఊరు వెళ్ళాడో చెప్పే వరస కాస్తా గంగలో కలిసింది. ఒళ్ళు మండిపోయింది.

అమ్మమ్మ ముగ్గుల పుస్తకం గొడవ మీకు ఇదివరకు సగమే చెప్పాను. తాతయ్య కొట్టు ఖాతా పుస్తకం అది, వెనక మిగిలిన ఖాళీ పేజీల్లో ముగ్గులు. చుక్కలు పెన్సిల్‌తో, గీతలు ఊదా ఇంకుతో. పక్కన "15 చుక్కలు, 8 వచ్చేవరకు" అనీ, ఎవరింటి వాకిట్లో చూసి నేర్చుకుందో ఆ పేరూ. ఒకచోట "ఇది భోగికి వద్దు, కుదరలేదు" అని కొట్టేసి ఉంటుంది. పెద్దకర్మ అయిన సాయంత్రమే పెద్దమ్మ కుట్టు విప్పి మూడు వాటాలు వేసింది. పిన్ని ఏడుస్తూనే పేజీలు లెక్కపెట్టుకుంది! అమ్మ మాత్రం ఏ కట్ట ఇస్తే అది తీసుకుని ఊరుకుంది. అదీ నా మంట.

అయితే ఒక మాట. ఆ పుస్తకం విప్పకపోతే మామయ్య అటక మీదే ఉండేది, మామయ్య ఇల్లు కట్టినప్పుడు పాతపేపర్లవాడి తక్కెడలోకి పోయేది. ఈ డచ్చి పుస్తకమైనా అంతే. మ్యూజియంలో ఉంటే చీకటి పెట్టెలోనే కాపురం. కాగితం మీది గీతలకు వెలుతురు పడదు, ఎప్పుడో తీసినా అద్దం కింద తెరిచిన పేజీలే కనిపిస్తాయి. విడిపోయింది కాబట్టే ఈ పేజీ ఇలా అమ్మకానికొచ్చి నా ఫోన్‌లో పడింది. పైగా వాన్ గోయెన్ ఏమన్నా సన్యాసా? ట్యులిప్ దుంపల వ్యాపారంలో చేతులు కాల్చుకుని, 1656లో అప్పులతోనే పోయాడు. 1653లో అయితే వందలకొద్దీ బొమ్మలు గీసి సంతకం, తేదీ వేశాడు. అమ్మకానికే. మంచి ధరొస్తే ఆ పుస్తకం తనే విప్పేవాడేమో.

ఊహూఁ, విప్పేవాడు కాదు. సంతకం చేసినవి అమ్మకానికి, పుస్తకంలోవి తన పనికి. ఇంటికొచ్చాక వాటిని చూసుకునేగా రంగుల బొమ్మలు వేసుకోవాలి! ఆ వ్యాపారిని నేను సమర్థించను. ఇప్పుడు పాడుకునేవాళ్ళు పాట ధర మీద వేలం సంస్థకి కమీషన్ కూడా కట్టాలి, కట్టనీ.

డల్లాస్‌లో పిన్నికి ఇప్పుడే మెసేజ్ పెట్టాను, ఫ్రేములు కట్టించిన నాలుగూ వెనకవైపు కూడా ఫోటో తీసి పంపమని. వెనక ఇంకో ముగ్గు ఉంటుంది కదా, దాన్ని గోడకి తిప్పేసింది మహాతల్లి. పెద్దమ్మ వాటా సంగతి అన్నయ్యని అడగాలి. అడిగితే పొలం గొడవ మళ్ళీ మొదటికొస్తుంది. పండగ వెళ్ళాక చూస్తాను.