డ్రైవర్ ఉన్నట్టే కనిపించిన వైఫై కార్డు

మేనకోడలు డిగ్రీలో చేరిందని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక పాత ల్యాప్‌టాప్ కొని, దానిలో డెబియన్ 12 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. ఇన్‌స్టాల్ చేయకముందే సిస్టమ్‌ను నడిపి చూపే లైవ్ పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టిన పని అరగంటలో పూర్తయింది. శబ్దం, టచ్‌ప్యాడ్, కెమెరా అన్నీ పనిచేశాయి కానీ తెర పైమూలన ఉండవలసిన వైఫై గుర్తు మాత్రం లేదు. “మామా, దీనికసలు వైఫై ఉందా?” అని ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న సరైనదే. లైవ్‌లో ఉన్నప్పుడే ఒకసారి వైఫై కలిపి చూసుకోవలసింది. చూడకపోవడం నా తొందరపాటు.

ముందు నెట్ కావాలి కాబట్టి ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాను. లినక్స్ దానిని మామూలు వైరు కనెక్షన్‌గా గుర్తిస్తుంది, వేరే డ్రైవర్ (పరికరాన్ని నడిపించే ప్రోగ్రామ్) ఏదీ అడగదు. తరువాత వైర్‌లెస్ పరికరాల స్థితిని చూపే ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ ఆదేశం ఇచ్చి చూశాను. వైఫై స్విచ్ వల్లనో, ఫంక్షన్ మీట వల్లనో ఆగిపోయి ఉంటే సాఫ్ట్ బ్లాక్ (సాఫ్ట్‌వేర్ ఆపినది), హార్డ్ బ్లాక్ (స్విచ్ ఆపినది) అని అక్కడే తెలుస్తుంది. మా ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ తప్ప వైర్‌లెస్ ల్యాన్ పేరే ఆ జాబితాలో లేదు. అంటే ఎవరూ ఆపలేదు, అసలు నడిపేవారే లేరు.

ఆ సాయంత్రమంతా నన్ను తిప్పింది దీని తరువాతి మెట్టు. యంత్రంలోని కార్డుల జాబితా ఇచ్చే ‘ఎల్ఎస్‌పీసీఐ’ ఆదేశాన్ని ‘ఎన్ఎన్‌కే’ అనే ఐచ్ఛికంతో నడిపితే కార్డు బ్రాడ్‌కామ్ బీసీఎం43142 అని, దాని గుర్తింపు సంఖ్య 14ఈ4:4365 అని వచ్చింది. దాని కిందనే ‘కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్’ (సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నెల్ వాడుతున్న డ్రైవర్) అన్నచోట ‘బీసీఎంఏ పీసీఐ బ్రిడ్జ్’ అని ఉంది. డ్రైవర్ ఉందని నమ్మి, తప్పంతా ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) దేనని తీర్మానించుకుని దాని వెంట పడ్డాను. నిజానికి ఆ బ్రిడ్జ్ కార్డును బస్ (యంత్రంలోని భాగాలను కలిపే దారి) మీద పట్టుకుని ఉంటుందే తప్ప రేడియోను నడపదు. ఇంటి గుమ్మం దగ్గర కాపలాదారు ఉన్నాడని చూసి లోపల మనుషులున్నారని అనుకున్నట్టయింది నా సంగతి. ఆ బ్రిడ్జ్ మీద ఆధారపడే బీ43 డ్రైవర్‌కు ఈ చిప్‌సెట్ చేతకాదు కనుక దాని ఫర్మ్‌వేర్ ఎన్నిసార్లు దించుకున్నా ఫలితం ఉండదు.

ఫర్మ్‌వేర్ వేరు, డ్రైవర్ వేరు అన్నది తెలిసిన మాటే అయినా నాకు ఆ రాత్రే ఒంటబట్టింది. ఫర్మ్‌వేర్ కార్డు లోపల నడిచేది, డ్రైవర్ కెర్నెల్‌లో నడిచేది. 2022లో జరిగిన ఓటింగ్ తరువాత డెబియన్ స్వేచ్ఛాయుతం కాని (వాడకం, మార్పుల మీద ఆంక్షలున్న) ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లోనే ఇవ్వాలని నిర్ణయించింది, 2023 జూన్‌లో వచ్చిన 12వ విడుదలలో అది అమలైంది. ఇంటెల్ కార్డులున్నవారిలో చాలామందికి దానితో బెంగ తీరిపోయింది. ఈ బ్రాడ్‌కామ్ కార్డుకు కావలసింది మాత్రం ‘డబ్ల్యూఎల్’ అనే డ్రైవర్. అది ‘నాన్ ఫ్రీ ఫర్మ్‌వేర్’ విభాగంలో కాక ‘నాన్ ఫ్రీ’ విభాగంలో ఉంటుంది. ప్యాకేజీలు ఎక్కడినుంచి రావాలో రాసి ఉండే సోర్సెస్ ఫైలులో ‘కాంట్రిబ్’, ‘నాన్ ఫ్రీ’ అనే రెండు మాటలు చేర్చి, ప్యాకేజీలను దించే ఆప్ట్‌ను అప్‌డేట్ చేసి, ‘బ్రాడ్‌కామ్ ఎస్‌టీఏ డీకేఎంఎస్’ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేశాను.

అయినా రాలేదు. డీకేఎంఎస్ మన యంత్రంలోనే డ్రైవర్ మాడ్యూల్‌ను (కెర్నెల్‌కు తగిలించే భాగాన్ని) కంపైల్ చేస్తుంది కాబట్టి నడుస్తున్న కెర్నెల్‌కు సరిపడే హెడ్డర్లు (కంపైల్‌కు కావలసిన కెర్నెల్ ఫైళ్లు) ఉండాలి. నా పెన్‌డ్రైవ్ ఇమేజ్ పాతది. అందులోని కెర్నెల్ వెనుకబడి ఉంది, దించుకున్న హెడ్డర్లు కొత్తవి. ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయినట్టే చెప్పింది గానీ మాడ్యూల్ తయారు కాలేదు. కెర్నెల్‌ను అప్‌డేట్ చేసి రీబూట్ చేశాక తయారైంది. అప్పుడు నమ్మకమైన సంతకం లేని మాడ్యూల్‌ను నడవనివ్వని సెక్యూర్ బూట్ అడ్డుపడింది: ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ (తాళంచెవిని తిరస్కరించాం) అన్న ఒక్క వాక్యం. ‘మోక్‌యుటిల్’ అనే పనిముట్టుతో, మాడ్యూల్ మీద సంతకం చేసే డీకేఎంఎస్ తాళంచెవిని దిగుమతి చేసి ఒక పాస్‌వర్డ్ పెట్టాను. రీబూట్ అయ్యేటప్పుడు వచ్చే నీలిరంగు తెర మీద ‘ఎన్‌రోల్ మోక్’ (తాళంచెవి నమోదు)ను ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెర కొద్ది క్షణాలే ఆగుతుంది. మొదటిసారి నేను టీ కోసం లేచి దానిని పోగొట్టుకున్నాను. సెక్యూర్ బూట్‌ను ఆపేసినా పని జరిగేదే, కానీ పిల్ల చేతికిచ్చే యంత్రంలో ఉన్న రక్షణను తీసివేయడం నాకు నచ్చలేదు.

వైఫై గుర్తు వచ్చింది. మా రౌటర్‌కు రెండు పేర్లుంటే ఒక్కటే కనిపించింది, ఎందుకంటే ఈ కార్డు 2.4 గిగాహెర్ట్జ్ తప్ప 5 గిగాహెర్ట్జ్ అందుకోదు. మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఫ్లాటుకూ ఒక రౌటర్ ఉంది కనుక ఆ తరంగాల పట్టీలో రద్దీ ఎక్కువ. చుట్టుపక్కల వైఫైలను చూపే ‘ఎన్ఎంసీఎల్ఐ’ ఆదేశం ఇచ్చిన జాబితాలో ఎక్కువ మంది 6వ చానెల్ మీద ఉండటంతో మా రౌటర్‌ను 11కు మార్చాను, వీడియో పాఠాలు ఆగడం తగ్గింది.

ఇకమీదట కెర్నెల్ కొత్తది వచ్చినప్పుడల్లా డీకేఎంఎస్ ఆ మాడ్యూల్‌ను మళ్లీ కంపైల్ చేస్తుంది. ఈ పాత ప్రాసెసర్ మీద దానికి కొంచెం సమయం పడుతుంది, అప్‌డేట్ నడుస్తుండగా మూత వేయవద్దని మేనకోడలికి చెప్పి పంపాను.