ఓబో పాప, సన్నాయి తాతయ్య

నిన్న మా అమ్మాయిని తీసుకుని బ్రిటిష్ డబుల్ రీడ్ సొసైటీ వాళ్ల కార్యక్రమానికి వెళ్లాను. ఓబో, బసూన్ అనే ఊదే వాద్యాలు వాయించేవాళ్లకీ, ఊరికే ఇష్టపడేవాళ్లకీ ఇక్కడ బ్రిటన్ దేశం మొత్తానికీ ఉన్న సంఘం అది. బడిలో ఓబో పట్టేది మా అమ్మాయి ఒక్కతే. అలాంటిది, ఒకే హాల్లో అన్ని ఓబోలు కనిపించేసరికి దాని మొహం చూడాలి!

కానీ వెళ్లీవెళ్లగానే కంగారులో ఓబో రీడు (రెండు పలచని రెల్లు పేళ్లు జంటగా కట్టిన, నోట్లో పెట్టుకుని ఊదే పీక) పంటికి తగిలి చీలిపోయింది. ఏడుపు ఒక్కటే తక్కువ. పక్కన కూర్చున్న పెద్దావిడ తన డబ్బాలోంచి ఒకటి తీసి, నీళ్లలో తడిపి దాని చేతిలో పెట్టారు. రీడు ఎలా చేస్తారో కూడా చూపించారు. వెదురులా బోలుగా ఉండే ఒక రెల్లుజాతి మొక్క, దక్షిణ ఫ్రాన్స్‌లో బాగా పెరుగుతుందట. దాని చీలికని మడిచి, చిన్న గొట్టానికి దారంతో బిగించి, కొసని కత్తితో గీకుతూ పోవాలి. ఒక్క గీత ఎక్కువైతే స్వరం గోవిందా.

 

ఆవిడ దారం చుడుతుంటే నాకు మా తాతయ్య గుర్తొచ్చారు. పెళ్లిళ్లలో సన్నాయి వాయించేవారు. వాద్యానికి ఊదే పీకల గుత్తి వేలాడుతుండేది. ముట్టుకున్నామా, వీపు విమానం మోతే! అవీ జంట రీడులే అని చెబితే, "అయితే ముత్తాత కూడా మా బ్యాచేనా?" అంది అమ్మాయి.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. ఆ గుత్తి అటక మీద పెట్టెలో ఇంకా ఉందట.