ఇత్తడి పట్టాలకి చింతపండు

మా పెదనాన్న కొడుకు అమెరికా నుంచి వచ్చేస్తూ తన పాత మోడల్ రైలు ట్రాక్, హెచ్‌ఓ అనే సైజుది, అట్టపెట్టెడు నాకిచ్చేశాడు, అన్నీ ఇత్తడి పట్టాలే. పచ్చగా మెరుస్తుంటే ముచ్చటేసి మేడమీద గదిలో ప్లైవుడ్ మీద బిగించేశా. కొన్నాళ్ళు ఇంజన్ బానే తిరిగింది, తర్వాత మొదలెట్టింది చూడండి, ఆగడం, వేలితో తోస్తే కదలడం, మళ్ళీ ఆగడం. వైజాగ్ గాలి సంగతి తెలిసిందేగా.

అమ్మ చూసి "చింతపండు పెట్టి తోమరా" అంది. నవ్వాను గానీ జరిగింది అదే, పూజగదిలో ఇత్తడి చెంబు నల్లబడినట్టే పట్టా మీద కూడా పొర కడుతుంది, అది కరెంటుని సరిగా పోనివ్వదు, ఇంజన్‌కేమో కరెంటు అందేది చక్రం పట్టాకి ఆనే ఆ కాస్త చోటు నుంచే. గరుకు కాగితంతో రుద్దా, అది ఇంకో తెలివితక్కువ పని, గీతలు పడి వాటిల్లో మురికి ఇంకా తొందరగా చేరింది.

ఈసారి నికెల్ సిల్వర్ కొన్నా. వెండి అనుకునేరు, రవ్వంత కూడా ఉండదు, రాగి, నికెల్, జింక్ అంతే. పేరంటాల్లో రిటర్న్ గిఫ్టులుగా ఇచ్చే జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణెలున్నాయే, ఆ జాతి. తమాషా ఏంటంటే కరెంటు మోయడంలో ఇది ఇత్తడి కంటే చాలా వీక్, రాగిని 100 అనుకుంటే ఇత్తడి 28 దాకా వస్తుంది, ఇది 6 దగ్గరే ఆగిపోతుంది! అయినా ఎందుకంటే దీని పైభాగం అంత త్వరగా పాడవదు, దూరం మోసే పని కింద వేసిన రాగి వైరుకి అప్పజెప్పొచ్చు. మూడేసి అడుగులకో ఫీడర్, అంటే ఆ వైరు నుంచి పట్టాకి కరెంటు అందించే చిన్న తీగ, సోల్డర్ చేశా, ఇంజన్ ఎక్కడా స్లో అవ్వట్లేదు. అప్పుడప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డ పెట్టి తుడిస్తే చాలు.

స్టీలు చవక, అయస్కాంతం పెట్టిన ఇంజన్లకి పట్టు కూడా బాగుంటుంది, కానీ సముద్రం పక్కన తుప్పుని ఎవడు తోముతాడు.

కొత్తవి కూడా కోడ్ 100 వే తీసుకున్నా, అంటే పట్టా ఎత్తు 0.100 అంగుళం, పాతవాటి ఎత్తే. కోడ్ 83 చూడ్డానికి అసలు పట్టాలకి దగ్గరగా ఉంటుంది గానీ పాతదానికి కలిపినచోట మెట్టు వస్తుంది. పాతవి పారేయలేదు మరి, సైడింగ్‌లో, అంటే బోగీలు నిలిపే పక్క లైన్లో వేశా. గూడ్స్ బోగీలకి కరెంటుతో పనేముంది, ఇంజన్ బయటే ఉండి వాటిని లోపలికి నెడుతుంది.