ముందు మూడు, వెనక ఒకటి

శ్రీకాకుళంలోని మా ఇంటి పుస్తకాల జాబితా రెండు లాంగ్ నోటుబుక్కుల్లో ఉంది. పేరు, రచయిత, వెల, ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే సంఖ్య) అన్నీ నాన్నగారి చేతిరాతే. 1997లో కాళీపట్నం రామారావు గారు మా ఊళ్లో కథానిలయం అనే కథల గ్రంథాలయం మొదలుపెట్టాక నాన్నగారికి అబ్బిన అలవాటు ఇది. ఏ పుస్తకం ఉంది, ఏది ఎవరికో ఇచ్చి మరిచిపోయాం? తేల్చుకుందామని సెకండ్ హ్యాండ్‌లో జీబ్రా కంపెనీ స్కానర్ టెర్మినల్ (బార్‌కోడ్ చదివే చేతి పరికరం) ఒకటి కొన్నాను.

మొదటి ఆదివారం: నోటుబుక్కులను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించి స్కానింగ్ మొదలుపెడితే ఒక్క పుస్తకమూ కలవలేదు. 2007కు ముందు పుస్తకాల మీద అచ్చయ్యే ఐఎస్‌బీఎన్ పది అంకెలది, నాన్నగారు రాసుకున్నది అదే. బార్‌కోడ్‌లో ఉండేది మాత్రం 978తో మొదలయ్యే పదమూడు అంకెలు. 978 తీసేస్తే సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు, చివరి అంకె వేరు. అది తనిఖీ అంకె. పాత పద్ధతిలో దాన్ని 11తో, కొత్త పద్ధతిలో 10తో భాగించి కడతారు. ఉదాహరణకు 0306406152 అనే సంఖ్యే బార్‌కోడ్‌లో 9780306406157 అవుతుంది. నడుమ తొమ్మిది అంకెలు మారవు. టెర్మినల్‌కు కత్తిరించడం, అతికించడం వచ్చు, లెక్కలు కట్టడం రాదు. కాబట్టి చివరి అంకెను జాబితాలోనూ బార్‌కోడ్‌లోనూ వదిలేసి, ఆ తొమ్మిదితోనే పోల్చాలని నిర్ణయించుకున్నాను.

రెండో ఆదివారం: స్కాన్ చేసినదాన్ని వేరే యాప్‌లకు పంపే డేటావెడ్జ్ అనే యాప్ టెర్మినల్‌లో ఉంది. అందులో కొత్త ప్రొఫైల్ (సెట్టింగుల కట్ట) తయారుచేసి స్ప్రెడ్‌షీట్ యాప్‌కు జతచేశాను. ఇది మరిచిపోతే ముందే ఉండే ప్రొఫైల్0 నడుస్తుంది, మనం రాసిన నియమాలు పనిచేయవు. కీస్ట్రోక్ అవుట్‌పుట్ కింద, పంపేముందు డేటాను మార్చే అడ్వాన్స్‌డ్ డేటా ఫార్మాటింగ్‌ను ఆన్ చేసి నియమం రాశాను. షరతు: వెతకవలసిన అక్షరాలు 978, స్థానం 0 (లెక్క సున్నా నుంచి మొదలవుతుంది), పొడవు 13. చర్యలు: స్కిప్ అహెడ్ 3 (మూడు అంకెలు దాటు), సెండ్ నెక్స్ట్ 9 (తర్వాతి తొమ్మిది పంపు), ఆ తర్వాత సెండ్ క్యార్ 10. ఆ 10 లైన్ ఫీడ్‌కు (కింది వరుసకు దిగమనే గుర్తుకు) ఆస్కీ అనే అక్షరాల పట్టికలోని సంఖ్య, ఎంటర్ కొట్టినట్టు కర్సరు కింది గడికి దిగుతుంది.

అయినా పదమూడు అంకెలూ వచ్చిపడ్డాయి. గంటసేపు వెతికాక తెలిసింది, ముందే ఉన్న రూల్0 పైన కూర్చుని, వచ్చినదాన్ని వచ్చినట్టే పంపేస్తోంది. నా నియమాన్ని లాగి దాని పైన పెట్టాను. తొమ్మిది అంకెలు గడిలో పడిన ఆ క్షణం నాకు నిజంగా పండగే.

ఇంగ్లిషు పుస్తకాల దగ్గర మరో చిక్కు వచ్చింది. సున్నాతో మొదలయ్యే సంఖ్యల్లో ఆ సున్నాను స్ప్రెడ్‌షీట్ మింగేస్తుంది. ఆ నిలువు వరుసను ముందుగానే సాదా పాఠ్యంగా మార్చుకోవాలి.

మూడో ఆదివారం: ఇప్పటికి 412 పుస్తకాలు కలిశాయి. 2018లో తిత్లీ తుపానుకు తడిసిన పుస్తకాలు ఓ ముప్పై ఉన్నాయి. గీతలు అలుక్కుపోయినవాటికి అంకెలు చేత్తోనే కొట్టాను. ఒక నోటుబుక్కులో సంఖ్య చివర ఎక్స్ అని ఉంది, దాని పక్కనే ఎర్ర సిరాతో “ఇలాగే ఉంది” అని రాసి ఉంది. పాత పద్ధతిలో తనిఖీ అంకె పది వస్తే ఎక్స్ అనే రాస్తారని నాన్నగారికి చెప్పాను. “రెండుసార్లు అట్ట తిప్పి చూసి రాశానురా” అన్నారు.

బార్‌కోడ్ లేని పాత పుస్తకాలు ఇంకా రెండు అరలున్నాయి. వాటికి కోడ్ 128 అనే రకం బార్‌కోడ్ లేబుళ్లు అచ్చువేసి అంటించాలి, వాటి కోసం మరో నియమం రాయాలి. అదీ రూల్0కు పైనే.