ఐపీఎం సీటు వస్తుందా రాదా: మాక్ టోటల్ చూసి లెక్కేసుకోకండి

"అక్కా, మాక్ టెస్ట్‌లో 190 వచ్చింది, ఐఐఎం ఇండోర్ వస్తుందా?" జనవరి వచ్చిందంటే మా జూనియర్ల నుంచి ఇదే ప్రశ్న రకరకాలుగా వస్తుంది. కొందరు 160 అంటారు, కొందరు 220 అంటారు, చివర్లో మాత్రం అందరూ చాన్స్ ఉందా లేదా అనే అడుగుతారు. నేను ఎంపీసీ చదివి, ఇంజనీరింగ్ వద్దనుకుని, ఇప్పుడు ఐపీఎం (ఇంటర్ తర్వాత ఐఐఎంలలో చదివే ఐదేళ్ళ మేనేజ్‌మెంట్ కోర్సు) మొదటి సంవత్సరంలో ఉన్నాను. ఒక్క టోటల్ చెబితే ఎవరూ సమాధానం చెప్పలేరు. ఆ 190 ఏ సెక్షన్లో ఎంత వస్తే అయిందో చెబితే చాలావరకు చెప్పొచ్చు, అసలు నేను చెప్పక్కర్లేదు, మీకే తెలిసిపోతుంది. ఆ లెక్క ఎలా వేసుకోవాలో రాద్దామనే ఇది.

ఐఐఎం ఇండోర్ పెట్టే ప్రవేశ పరీక్ష ఐపీమ్యాట్, ఇటీవలి పేపర్ల ప్రకారం మొత్తం 360 మార్కులు. క్వాంట్ (లెక్కలు) షార్ట్ ఆన్సర్ 15 ప్రశ్నలు, క్వాంట్ ఎంసీక్యూ (ఆప్షన్లు ఇచ్చేవి) 30, వెర్బల్ (ఇంగ్లిష్) 45. ప్రశ్నకి 4 మార్కులు, ఎంసీక్యూలో తప్పుకి ఒక మార్కు పోతుంది, షార్ట్ ఆన్సర్లో నెగెటివ్ లేదు. సెక్షన్‌కి 40 నిమిషాలు, ఒకదాంట్లో టైమ్ మిగిలినా ఇంకోదాంట్లో వాడుకోలేం. ఇదంతా మీకు తెలిసిందే. చాలామంది పట్టించుకోనిది ఏంటంటే, ఈ మూడు సెక్షన్లకీ విడివిడిగా కటాఫ్ ఉంటుంది. ఒక్కదాంట్లో తగ్గినా మీ టోటల్ ఎంతైనా లిస్టులో మీ పేరు ఉండదు.

ఇద్దరికీ 190 వచ్చిందనుకోండి. ఒకమ్మాయికి వెర్బల్ 140, ఎంసీక్యూ 42, షార్ట్ ఆన్సర్ 8. ఒకబ్బాయికి వెర్బల్ 78, ఎంసీక్యూ 76, షార్ట్ ఆన్సర్ 36. షార్ట్ ఆన్సర్లో రెండే రెండు సరిగ్గా చేసింది కాబట్టి ఆ అమ్మాయి అక్కడే ఆగిపోవచ్చు. లెక్కల్లో బాగా చేసిన ఆ అబ్బాయి వెర్బల్లో ఆగిపోవచ్చు, ఎందుకంటే ఇండోర్లో క్వాంట్ కటాఫ్‌లు చూడటానికి చాలా తక్కువగా ఉంటాయి, వెర్బల్ కటాఫ్ వాటికంటే బాగా ఎక్కువ. ఇప్పుడు 170 మాత్రమే వచ్చిన మూడో మనిషిని చూడండి: వెర్బల్ 112, ఎంసీక్యూ 38, షార్ట్ ఆన్సర్ 20. ఈమె కనీసం పోటీలో నిలబడుతుంది. జనరల్ కేటగిరీలో ఆ ఇద్దరి కంటే ఈమెకి ఇంటర్వ్యూ కాల్ వచ్చే అవకాశమే ఎక్కువని నేను అనుకుంటాను.

అందుకే నేను మాక్ రాశాక టోటల్ చూడటం మానేశాను. ఒక కాగితం మీద మూడు గళ్ళు గీసి, ప్రతి మాక్‌లో మూడు మార్కులూ విడిగా రాసుకునేదాన్ని. ఐఐఎం వాళ్ళు విడుదల చేసిన పాత కటాఫ్‌లు తీసుకుని, ఒక్క సంవత్సరానివి కాదు, దొరికినన్ని సంవత్సరాలవి, నా కేటగిరీలో ఒక్కో సెక్షన్‌కి అన్నిటికంటే ఎక్కువ ఉన్న అంకెను పైన రాసుకున్నాను. పేపర్ సులువుగా వస్తే కటాఫ్ పెరుగుతుంది, కష్టంగా వస్తే తగ్గుతుంది, మన సంవత్సరం ఎలా వస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఎక్కువదే పెట్టుకోవడం నయం. చివరి నాలుగైదు మాక్‌లలో ఒక్కో సెక్షన్లో వచ్చిన అతి తక్కువ మార్కుని దాని పక్కన పెట్టి చూడండి. బెస్ట్ మార్కు కాదు, అతి తక్కువది. అది కూడా కటాఫ్ దాటుతుంటే మీకు చాన్స్ నిజంగానే ఉంది. ఏ గడిలో దాటట్లేదో, మీరు ఇక పని చేయాల్సింది ఆ ఒక్క సెక్షన్ మీదే.

మాక్ సిరీస్‌లో కనిపించే ర్యాంకు గురించి కూడా ఒక మాట. ఆ ర్యాంకు ఆ సిరీస్ కొన్నవాళ్ళ మధ్య పోలిక మాత్రమే, అందులోనూ అందరూ సీరియస్‌గా రాయరు. పైగా కొన్ని మాక్‌లు అసలు పేపర్ కంటే బాగా కష్టంగా పెడతారు. నేనైతే పాత పేపర్లనే ఎక్కువ నమ్మాను. వాటిని ముందే చదివేసి పాడుచేసుకోకుండా, టైమ్ పెట్టుకుని అసలు పరీక్షలా రాయడానికి దాచుకోండి.

ఇక మన తెలుగు రాష్ట్రాల పిల్లల సంగతి. మనలో ఎక్కువమంది ఎంపీసీ, కొందరు ఎంఈసీ. రెండేళ్ళు లెక్కలతోనే గడిపి వస్తాం కాబట్టి లాగరిథమ్స్, మాట్రిక్సులు, పర్ముటేషన్స్, ప్రాబబిలిటీ, శ్రేఢులు మనకి కొత్త కాదు. జేఈఈ కోసం రుద్దిన కాలిక్యులస్ ఇక్కడ దాదాపు అక్కర్లేదు. దాని బదులు మన కాలేజీల్లో పెద్దగా పట్టించుకోని నంబర్ సిస్టమ్, శాతాలు, నిష్పత్తులు, కాలం-పని లాంటివి మళ్ళీ చూసుకోవాలి. ఉదాహరణకి 2 ఘాతం 100 ని 7 తో భాగిస్తే శేషం ఎంత అని షార్ట్ ఆన్సర్లో ఇచ్చారనుకోండి. ఆప్షన్లు ఉండవు, గెస్ చేయడానికి ఏమీ ఉండదు. 2 ఘాతం 3 అంటే 8, దాని శేషం 1, వందలో మూడేసి చొప్పున 33 సార్లు పోగా ఒక 2 మిగులుతుంది, సమాధానం 2. ఇది తట్టినవాడికి అర నిమిషం, తట్టనివాడికి ఐదు నిమిషాలు పోయి ఏమీ రాదు. షార్ట్ ఆన్సర్ అంతా ఇలాంటి ప్రశ్నలే. నెగెటివ్ లేదు కాబట్టి ఒక్క గడి కూడా ఖాళీగా వదలొద్దు, కానీ రాని ప్రశ్న పట్టుకుని కూర్చోవద్దు.

ఎంసీక్యూలో కథ వేరు. 14 చేసి 10 సరిగ్గా, 4 తప్పు అయితే 36 మార్కులు. ఆవేశంగా 22 చేసి 11 సరిగ్గా, 11 తప్పు అయితే 33. ఎనిమిది ప్రశ్నలు ఎక్కువ చేసి, మూడు మార్కులు తక్కువ తెచ్చుకున్నట్టు. ఎంసెట్‌లో నెగెటివ్ ఉండదు కదా, వచ్చినా రాకపోయినా అన్నీ పెట్టేయడం మనకి అలవాటు. అది ఇక్కడికి తీసుకురావద్దు.

వెర్బల్ దగ్గరే మనలో చాలామంది ఆగిపోతాం. తెలివి తక్కువై కాదు. రెండేళ్ళు ఇంగ్లిష్ పీరియడ్‌లో కూడా ఫిజిక్స్ ప్రాబ్లమ్స్ చేయించే కాలేజీల నుంచి వస్తాం, చదివే అలవాటే ఉండదు. నేను జూన్ నుంచే రోజూ ఒక ఎడిటోరియల్ చదివేదాన్ని, అందరూ చెప్పేదే. నాకు నిజంగా పని చేసింది మాత్రం ఇంకోటి. రీడింగ్ కాంప్రహెన్షన్లో తప్పు పోయిన ప్రతి ప్రశ్నకీ, నేను పెట్టిన ఆప్షన్ ఎందుకు తప్పో నోట్‌బుక్‌లో ఒక్క ముక్కలో రాసేదాన్ని. పాసేజీలో "కొన్ని నగరాల్లో" అని ఉంటే ఆప్షన్లో "నగరాలన్నిటిలో" అని ఉంటుంది, దాని పక్కన "ఎక్కువ చెప్పింది" అని. బయట నాకు తెలిసిన విషయం కాబట్టి నిజమనిపించి పెట్టేస్తే "పాసేజీలో లేదు" అని. మూడోది "నిజమే, కానీ అడిగింది అది కాదు". రచయిత ఏం వాదిస్తున్నాడని అడిగితే పాసేజీలో ఉన్న ఏదో ఒక వివరం పట్టుకుని పెట్టేయడం ఇది. కొన్ని వారాలకి వెనక్కి తిరగేసి చూస్తే నావి ఎక్కువ ఈ మూడో రకమే. అప్పట్నుంచి ప్రశ్నని రెండుసార్లు చదివి ఆప్షన్లలోకి వెళ్ళడం మొదలుపెట్టాను, మార్కులు అక్కడినుంచే కదిలాయి. వర్డ్ లిస్టులు బట్టీ పట్టడం కంటే ఇది వంద రెట్లు నయం. మీ తప్పులు వేరే రకంవి కావచ్చు, రాసుకుంటేనే తెలుస్తుంది.

కేటగిరీ గురించి ఎవరూ ముందుగా చెప్పరు, పిల్లలు ఏప్రిల్‌లో ఏడుస్తారు. ఐఐఎంలలో ఎస్సీకి 15 శాతం, ఎస్టీకి 7.5, ఓబీసీ నాన్ క్రీమీ లేయర్‌కి 27, ఈడబ్ల్యూఎస్‌కి 10, వికలాంగులకి 5 శాతం రిజర్వేషన్. మన దగ్గర బీసీ-ఏ, బీసీ-బీ, బీసీ-డీ అని ఉంటాయి కదా, అవి రాష్ట్ర జాబితాలు. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ అయిపోరు, మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. ఉంటే, ఎంసెట్ కోసం తీసుకున్న సర్టిఫికెట్ పనికిరాదు, కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి. ఏ తేదీ తర్వాత జారీ అయినదై ఉండాలో నోటిఫికేషన్లో ఉంటుంది, ఆ వాక్యం మీరే చదవండి. ఈడబ్ల్యూఎస్ వాళ్ళు కూడా అంతే. మీసేవలో అప్లై చేశాక తహసీల్దార్ ఆఫీసు చుట్టూ అమ్మానాన్నలు తిరగాల్సి రావచ్చు, ఇంటర్ పరీక్షల మధ్యలో ఆ టెన్షన్ ఎందుకు? మీ చాన్స్ లెక్కలో ఏ కటాఫ్ వరస చూడాలనేది ఈ ఒక్క కాగితం మీద ఆధారపడి ఉంది.

ఒక్క ఇండోర్ మీదే ప్రాణాలు పెట్టుకోకండి. ఇండోర్ 2011లో ఐపీఎం మొదలుపెట్టింది, పేరు ఎక్కువ, పోటీ ఎక్కువ. కానీ అదే ఐపీమ్యాట్ స్కోరుతో ఐఐఎం రాంచీకి, మన కాకినాడలో ఉన్న ఐఐఎఫ్‌టీ (విదేశీ వాణిజ్యం నేర్పే సంస్థ) క్యాంపస్‌కి కూడా అప్లై చేయొచ్చు, వాటి ఫారాలు విడిగా నింపాలి. ఇండోర్ రాసేశాం, వాళ్ళే చూసుకుంటారులే అనుకుని డేట్ దాటబెట్టుకున్నవాళ్ళు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. ఐఐఎం రోహ్‌తక్ పరీక్ష వేరు, అందులో లాజికల్ రీజనింగ్ ఒక పూర్తి సెక్షన్, పేపర్ సులువుగా ఉంటుంది కాబట్టి వేగం కావాలి. జిప్‌మ్యాట్ ఇంకో ప్రవేశ పరీక్ష, జేఈఈ పెట్టే ఎన్టీఏనే దీన్నీ పెడుతుంది, జమ్మూ, బోధ్‌గయ ఐఐఎంలకి. 100 ప్రశ్నలు, 150 నిమిషాలు, పైగా ఇంటర్వ్యూ లేదు. ఇంటర్వ్యూ అంటే గొంతు ఆరిపోయే పిల్లలు దీన్ని వదులుకోవద్దు. ఢిల్లీ యూనివర్సిటీలో షహీద్ సుఖ్‌దేవ్ కాలేజీ బీఎంఎస్ (మేనేజ్‌మెంట్ డిగ్రీ), శ్రీరామ్ కాలేజీ బీకాం ఆనర్స్ కావాలంటే 2022 నుంచి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అది ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్, మన ఇంటర్ బోర్డు పుస్తకాలతో ఎక్కడెక్కడ తేడా ఉందో చూసుకోవాలి. ఎంఈసీ వాళ్ళకి ఇది చాలా మంచి దారి, మన దగ్గర దాన్ని ఎందుకు తక్కువగా చూస్తారో నాకు అర్థం కాదు.

ఒక్కో పరీక్ష తీరు ఒక్కోలా ఉంది కాబట్టి మీ చాన్స్ కూడా ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది. వెర్బల్ బలంగా ఉండి లెక్కలు ఓ మోస్తరు అయితే ఇండోర్ మీకు అనుకూలం. లెక్కలు, రీజనింగ్ వేగంగా చేసేవాళ్ళకి రోహ్‌తక్, జిప్‌మ్యాట్. ఇంట్లో "నీకు చాన్స్ ఎంత" అని అడిగితే ఈ పరీక్షలన్నీ విడివిడిగా చూపించి మాట్లాడండి.

ఇంట్లో మాట్లాడటం కూడా ప్రిపరేషన్లో భాగమే. మా నాన్న ఇంజనీరింగ్ వైపే ఉన్నారు. బీటెక్ మానేసి ఐదేళ్ళ కోర్సు ఏంటి, మధ్యలో నచ్చకపోతే ఎలా అని ఆయన భయం. ఇండోర్ లాంటి చోట మూడేళ్ళు పూర్తిచేసి డిగ్రీతో బయటికి రావచ్చని నోటిఫికేషన్ తీసి చూపించాను. ఫీజు సంవత్సరానికి లక్షల్లో ఉంటుంది, ఆ అంకె దాచకండి, ఐదేళ్ళకి కలిపి వెబ్‌సైట్‌లో చూసి, ఎడ్యుకేషన్ లోన్ గురించి బ్యాంకులో ముందే కనుక్కుని చెప్పండి. ఎంసెట్ కూడా రాస్తానని ఒప్పుకున్నాను, రాశాను. ఏప్రిల్, మే నెలల్లో జేఈఈ రెండో సెషన్, జిప్‌మ్యాట్, ఎంసెట్, ఐపీమ్యాట్ అన్నీ మీద పడతాయి కాబట్టి వెర్బల్ పని డిసెంబర్ లోపు అయిపోవాలి. మార్చిలో ఇంటర్ పరీక్షలప్పుడు ఇంగ్లిష్ చదవడం పూర్తిగా ఆపేయొద్దు, అరగంటైనా చాలు.

కాల్ వచ్చాక సగం పనే అయింది. ఇండోర్లో ఇటీవల రాత పరీక్షకి 65 శాతం, ఇంటర్వ్యూకి 35 శాతం వెయిటేజ్ ఇస్తున్నారు. అంచు మీద కాల్ వచ్చినవాళ్ళు పైకి రావచ్చు, మంచి స్కోరున్నవాళ్ళు జారిపోవచ్చు. ఎంపీసీ చదివి మేనేజ్‌మెంట్ ఎందుకు అనే ప్రశ్నకి సిద్ధంగా ఉండండి, "లీడర్ అవ్వాలని ఉంది" లాంటి మాటలు వాళ్ళు రోజూ వింటారు. నేను మా పెదనాన్న ఎరువుల షాపులో లెక్కలు రాసిన సంగతి చెప్పాను, ఖరీఫ్ ముందు సరుకు అప్పుకి ఇచ్చి పంట చేతికొచ్చాక వసూలు చేయడంలో డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుందో నాకు తెలిసినంత చెప్పాను. తర్వాత పది నిమిషాలు దాని మీదే అడిగారు, వడ్డీ లెక్క కూడా చేయించారు. ఇంగ్లిష్ ధారాళంగా లేకపోయినా, మీకు బాగా తెలిసిన విషయం మీద నిదానంగా మాట్లాడితే వింటారు.

వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళు ఆశ వదులుకోకండి. వేరే కాలేజీల్లో సీట్లు వచ్చినవాళ్ళు వెళ్ళిపోతూ ఉంటే లిస్టు కదులుతుంది. ఈ లోపు చేతికొచ్చిన సీటుని వదిలేయకుండా ఉంచుకోండి, డబ్బు కట్టే ముందు వెనక్కి ఎంత ఇస్తారో రీఫండ్ రూల్ చదవండి. ఆఫర్ మెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో కూడా పడొచ్చు, దానికి జవాబివ్వడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే. అప్లికేషన్‌లో నెట్ సెంటర్ వాళ్ళ మెయిల్ ఐడీ కాకుండా మీదే ఇచ్చి ఉంటే, పొద్దున ఒకసారి రాత్రి ఒకసారి తెరిచి చూసుకుంటే చాలు.