నీళ్ళు తాగుతావా?

రథయాత్ర అయిన వారానికి వాడు మా అంగన్‌వాడీకి వచ్చాడు. మాది ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే వీధి. వాడి పేరు రాయను, చిన్నా అంటాను. మూడేళ్ళ తొమ్మిది నెలల వయసు. బరంపురంలో డాక్టరుగారు ఆటిజం అని చెప్పి అప్పటికి నాలుగు నెలలు.

వాళ్ళమ్మ చెయ్యి వదలగానే గది మూలకెళ్ళి బియ్యం డబ్బా వెనక కూర్చున్నాడు. చేతిలో స్టీలు గిన్నె మూత. దాన్ని నేల మీద నిలబెట్టి తిప్పుతాడు. అది గిర్రున తిరిగి, ఒరిగి, చివర్లో గడగడా కొట్టుకుని ఆగిపోతుంది. ఆగగానే మళ్ళీ తిప్పుతాడు. పదకొండున్నరకి అన్నం పెట్టేదాకా అదే పని.

పదకొండేళ్ళుగా పిల్లల మధ్యే ఉన్నాను. ఎంత ఏడ్చే పిల్లాడైనా రెండు రోజుల్లో నా ఒళ్ళోకి వచ్చేవాడు. నాకు తెలిసిన పద్ధతులన్నీ వాడి దగ్గర ప్రయత్నించాను. చప్పట్లు కొట్టి పిలిస్తే చెవులు మూసుకున్నాడు. గడ్డం పట్టుకుని "ఇటు చూడు నాన్నా" అంటే కళ్ళు గట్టిగా మూసేశాడు. నేను ప్రేమగా చేసిన ప్రతిదీ వాడికి దాడిలా తగిలిందని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ రోజుల్లోనే వాళ్ళమ్మ ఒక మాట చెప్పింది. ఒక చోట సలహాకి వెళ్తే, మాటలు రాని పిల్లాడికి రెండు భాషలు బరువు, బడిలో ఎలాగూ ఒడియానే, ఇంట్లో కూడా ఒడియాలోనే మాట్లాడమన్నారట. "నాకొచ్చిన ఒడియా సంతలో బేరానికి సరిపోతాది గానీ, పిల్లాడికి జోల పాడ్డానికి చాలదక్కా. ఏటి మాట్లాడాలో తెలీక మాటలే తగ్గించేశాను" అంది. ఆ సలహా తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకి మాట ఆలస్యం కాదని ఎన్నో దేశాల్లో పరిశోధనలు తేల్చాయి. తల్లికి సహజంగా వచ్చే మాటే పిల్లాడికి కావాలి. "నీకొచ్చిన భాషలో, నీకొచ్చినట్టే మాట్లాడమ్మా" అన్నాను. ఆ సాయంత్రమే మొదలుపెట్టానని మర్నాడు వచ్చి చెప్పింది.

పిలవడం మానేశాను. వంటింట్లోంచి ఇంకో మూత తెచ్చి, వాడికి రెండు బారల దూరంలో, ఎదురుగా కాకుండా పక్కకి తిరిగి కూర్చున్నాను. వాడు తిప్పాక నేనూ తిప్పేదాన్ని. ఏమీ అడగలేదు. పొగడలేదు కూడా, ఎందుకంటే పెద్ద గొంతుతో "శభాష్" అన్నా వాడికి ఉలికిపాటే. మిగతా పిల్లలు పాటలు పాడుకునే వేళ రోజూ పది నిమిషాలు, అదే చోట. మా సహాయకురాలు "ఎందుకమ్మా ఈ పని" అని అడిగింది. ఆమెకి చెప్పడానికి నా దగ్గరా సరైన జవాబు లేదు. మూడో వారంలో ఒకరోజు నా మూత తూలి బియ్యం డబ్బా కిందకి దొర్లిపోయింది. చిన్నా నా వైపు చూడలేదు. కాలి బొటనవేలితో తన మూతని నెమ్మదిగా నా వైపు నెట్టాడు.

ఆ నమ్మకాన్ని ఆగస్టులో నేనే పోగొట్టాను. అది బరువులు తూచే రోజు. హడావుడిలో వాడిని వెనకనుంచి చంకల కింద ఎత్తి, వేలాడే త్రాసు సంచిలో కూర్చోబెట్టేశాను. కాళ్ళ కింద నేల లేదు, ఏం జరుగుతోందో ముందు ఎవరూ చెప్పలేదు. ఆ కేక నాకింకా చెవుల్లో ఉంది. మర్నాటి నుంచి నేను కూర్చోగానే వాడు లేచి వేరే మూలకి వెళ్ళిపోయేవాడు. మొదట్లో కంటే ఎక్కువ దూరం.

మూడు వారాలు మళ్ళీ మొదటి నుంచి. ఈసారి ఏ పని చేయబోయినా ముందే చూపించాను. చేతులు కడుక్కోవడం, అన్నం, ఇల్లు, ఒక్కోదానికి ఫొటో తీసి అట్టముక్కకి అతికించి, వరసగా గోడకి పెట్టాను. అయిపోయిన పని బొమ్మ తిరగేసేదాన్ని. త్రాసు సంచిని వారం పాటు నేల మీదే వదిలేశాను. తర్వాత అందులో మూతని పెట్టి తూచాను. అది పైకి లేస్తుంటే దగ్గరకొచ్చి చూశాడు. వాడు మాత్రం అందులో ఎక్కలేదు, ఎక్కించలేదు. వాళ్ళమ్మని ఎత్తుకోమని, నిలబడే మిషను మీద ఇద్దరినీ తూచి, ఆమె బరువు తీసేశాం. రిజిస్టరులో రాయడానికి అది చాలు.

నవంబరులో ఒక మధ్యాహ్నం కుండ దగ్గర నిలబడి "నీళ్ళు తాగుతావా?" అన్నాడు. నేను విన్న వాడి మొదటి మాట. సహాయకురాలు "నాకొద్దు నాన్నా" అంది. వాడు మళ్ళీ అదే మాట, ఇంకాస్త గట్టిగా. అది నీళ్ళిచ్చేటప్పుడు ఇంట్లో వాళ్ళమ్మ అనే మాట, అదే రాగం. నీళ్ళు వచ్చే ముందు వినపడేది ఆ మాటే కాబట్టి, నీళ్ళు కావాలంటే వాడికి అదే మాట. 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం గురించి మొదటిసారి రాసినప్పుడే, పిల్లలు ఇలా తమ గురించి చెప్పేటప్పుడు "నేను" బదులు "నువ్వు" అనడం గుర్తించాడు. దీన్ని తప్పని దిద్దకూడదు. గ్లాసు అందిస్తూ వాడి తరఫున "నాకు నీళ్ళు కావాలి" అన్నాను, ఒక్కసారే. తిరిగి అనమని అడగలేదు.

ఈలోగా వాళ్ళ నాన్న వైకల్య ధ్రువపత్రం పని మీద తిరిగారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది. కార్డు వచ్చింది. వాళ్ళ మామ్మ మాత్రం దిష్టి అనే అంటుంది. నేను వాదించను. చిన్నా జోలికి తాయెత్తులు రాకపోతే చాలు.

మార్చిలో నాకు జలుబు చేసి రోజంతా దగ్గుతూనే ఉన్నాను. చిన్నా లేచి వచ్చి, మూతని నా మోకాలి దగ్గర పెట్టి, కుండ వైపు చూస్తూ "నీళ్ళు తాగుతావా?" అన్నాడు. వాడికి కావాలో, నన్నే అడిగాడో నాకు తెలియలేదు. రెండు గ్లాసులు నింపాను.